ఒంగోలు రాగంలో వాన

దీనమ్మ మధ్యాహ్నం టీ గిన్నె పొయ్యి మీద పెట్టిందంటే, గరాజులో వాన పడే వేళయినట్టే. గరాజంతా కాదు, అందులో ఉన్న కారు మేరకి మాత్రమే. దీనమ్మ అల్లం దంచుతూ వంటింట్లోంచే కేకేసేది.

"ఏవండీ, టీ పడేశాను. దిగండి, తడుస్తారు."

"తడిస్తే తడుస్తాను. ఈ కుట్టు అయిపోనీ," అనేవాడు రత్నరాజు, కారు సీటు మీద వంగి, నోట్లో దారం పెట్టుకుని.

కుట్టు అయ్యేలోపే చినుకులు మొదలయ్యేవి. గరాజు కప్పు కింద నుంచి, బండి పొడవు ఎంతో అంత, వెడల్పు ఎంతో అంత. తొలకరి వాసన వేసేది. బయట మోకాలి లోతు మంచున్నా సరే, ఆ వాన వాన లాగే పడి, టీ తాగడం అయ్యేసరికి వెలిసేది. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఆ వీధి వాళ్లందరికీ ఇది తెలుసు. ఎదురింటావిడ అయితే తన పూలకుండీలు తెచ్చి ముందు సీట్లో పెట్టి వెళ్లేది.

అది టాపు వెనక్కి మడుచుకునే కారు, యాభై ఏడు మోడలు. లేతాకుపచ్చ రంగు, వెనక చేప రెక్కల్లాంటి రెండు రెక్కలు. ఊరవతల ఒక రైతు కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని రత్నరాజు డెబ్బై ఆరులో కొన్నాడు. అమ్మిన ముసలమ్మ తాళం చెవితో పాటు ఒక నల్ల గొడుగు కూడా చేతిలో పెట్టింది. ఎందుకని ఈయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మర్నాడు టీ వేళకి తెలిసింది.

రత్నరాజు ఒంగోల్లో సినిమాహాలు కుర్చీలూ జీపు సీట్లూ కుట్టినవాడు. దీనమ్మ నర్సు ఉద్యోగానికి ముందు అమెరికా వచ్చింది, ఆయన వెనక వచ్చాడు. ఇక్కడా ఒక షాపులో కార్ల సీట్లు కుట్టి రిటైరయ్యాడు. పనిలో మహా పట్టుదల మనిషి. ఒక్క కుట్టు వంకర పోయిందని సీటంతా విప్పి మళ్లీ కుట్టేవాడు. ఆ కారుని వానకి తగ్గట్టే బాగు చేశాడు. సీట్ల అతుకులకి రబ్బరు పట్టీ వేశాడు, నీళ్లు పోవడానికి కింద గొట్టాలు దించాడు. ఇంజను, చక్రాలు, రంగు, అన్నీ ఒక్కోటీ ముగించాడు. ఒక్క టాపు గుడ్డ మాత్రం వెయ్యలేదు. చివరి పని అయిపోతే ఇక పనేముంటుందని భయమో ఏమో.

వాన వృథా పోవడం దీనమ్మకి నచ్చలేదు. వెనక సీటు ముందు, కాళ్లు పెట్టే చోట తొట్లు పెట్టి గోంగూర వేసింది. అది విరగబడి పెరిగేది. చుట్టుపక్కల తెలుగు వాళ్లలో ఆ గోంగూర తినని ఇల్లు లేదు, ఒక్క దైవాశీర్వాదం ఇల్లు తప్ప. అలాగని రత్నరాజు అనుకునేవాడు. ఆయన నిద్ర లేవకముందే దీనమ్మ కట్ట కట్టి దైవాశీర్వాదం భార్య జ్ఞానమ్మకి చేరవేస్తోందని ఆయనకి తెలీదు.

దైవాశీర్వాదం నరసాపురం మనిషి, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఒకప్పుడు రెండిళ్లూ ఒకటే. తెలుగు చర్చి మొదలుపెట్టింది ఈ ఇద్దరే. అమెరికన్ల చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నారు. రత్నరాజు పాట ఎత్తేవాడు, దైవాశీర్వాదం డోలక్ వాయించేవాడు. ఒక క్రిస్మస్ ఆరాధనలో చెడింది.

ఒకే కీర్తన. ఒంగోలు వైపు కింద నుంచి మొదలుపెట్టి, ఆగి ఆగి, బరువుగా పాడతారు. గోదావరి వైపు పై నుంచి ఎత్తుకుని పరుగెత్తిస్తారు. ఆ రోజు రత్నరాజు తన రాగంలోనే ఎత్తాడు. రెండో చరణం దగ్గర దైవాశీర్వాదం ఏ ధ్యాసలో ఉన్నాడో, చెయ్యి నరసాపురం నడకలోకి వెళ్లిపోయింది, గొంతూ దాని వెంటే పోయింది. ఆ ఏడు గోదావరి వాళ్లు ఎక్కువగా వచ్చారేమో, సంఘమంతా ఆ రాగంలో పడింది. రత్నరాజు ఒక్కడే తన రాగంలో నిలబడిపోయాడు. ఎవరో కుర్రది కిసుక్కున నవ్వింది. ఆయన పుస్తకం మూసి, దీనమ్మ కోటు కూడా తనే తీసుకుని, మంచులోకి నడిచి వెళ్లిపోయాడు.

అంతే. మళ్లీ చర్చి గడప తొక్కలేదు, నోరు తెరిచి ఒక్క పాట పాడలేదు. ఇండియన్ కొట్లో ఇద్దరూ ఎదురుపడితే బియ్యం మూటల వైపు తల తిప్పుకునేవాళ్లు. మనవాళ్లలో వందనాలు చెప్పకుండా దాటిపోవడమంటే చెంపదెబ్బ కన్నా ఎక్కువ. అలాంటి దెబ్బలు ఏళ్ల తరబడి కొట్టుకున్నారు ఇద్దరూ.

ఎనభై నాలుగు వేసవిలో రత్నరాజు లైసెన్సు పోయింది. ఆఫీసులో గోడకి వేలాడదీసిన అక్షరాలు చదవమన్నారు. అక్షరాలతో ఆయనకి ఎప్పుడూ పేచీయే, కానీ ఈసారి అవి కనపడనే లేదు. ఇంటికొచ్చి, చొక్కా మార్చుకోకుండానే చెప్పాడు.

"లూసీ, కారు అమ్మకానికుందని పేపర్లో వేయించు."

కూతురు లూసీ డెట్రాయిట్‌లో పుట్టి పెరిగింది. "నాన్నా, నువ్వు ఎప్పుడూ డ్రైవ్ చేయలేదు కదా దాన్ని! వన్ టైమ్ కూడా!"

"నడపలేని బండి నాకెందుకు? పక్క సీట్లో కూర్చునే రకం కాదు నేను."

"ఓకే. వాన గురించి రాయాలా?"

"రాయి. దాచిపెట్టి అమ్మే అలవాటు మన ఇంట్లో లేదు."

దీనమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. కారు పోతే గరాజులో పని పోతుంది. చర్చి ఎప్పుడో పోయింది, పాట పోయింది, ఇప్పుడు చూపు పోతోంది. ఈ మనిషి ఇక కుర్చీలో కూర్చుని గోడని చూస్తూ అయిపోతాడని ఆవిడ భయం. ఆ భయం రత్నరాజుకీ ఉంది. పైకి అనలేదంతే.

కొనేవాళ్లు వచ్చారు. ఒకాయన తలుపు ధడాలున వేశాడని రత్నరాజు పొమ్మన్నాడు. ఇంకొకాయన బాగానే ఉన్నాడు కానీ గోంగూర తొట్లని కాలితో పక్కకి నెట్టాడు. డాక్టరు మల్లికార్జున్ వచ్చి, వాన పడుతుంటే జేబురుమాలు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు.

"రాజుగారూ, అద్భుతంగా చేశారండీ. నేను తీసుకుంటే ఈ పైన స్టీలు రేకు పెట్టి పర్మనెంటుగా మూయించేస్తాను. తలనొప్పి ఉండదు."

"టాపు తెరవని వాడికి ఈ బండి దేనికండీ? మీ వ్యాన్‌లో తిరగండి," అని తలుపు తీసి పట్టుకున్నాడు రత్నరాజు.

డాక్టరు వెళ్లాక లూసీ గట్టిగానే అంది. "నాన్నా, నువ్వు అమ్మాలనుకోవట్లేదు. ఎవరొచ్చినా పంపించేస్తున్నావు. అసలు టాపే లేదు కార్‌కి!"

ఆ మాట తగిలింది. పని సగంలో వదిలేశాడన్న మాట రత్నరాజు పడలేడు. మర్నాడే అటక మీంచి కాన్వాసు గుడ్డ దింపాడు. కానీ టాపు గుడ్డ ఒక్కడు వేసేది కాదు. కమ్మీల మీద పరిచి, ఇటొకరు అటొకరు ఒకే బిగువుతో లాగాలి. ఒకవైపు రవ్వంత ఎక్కువైతే ముడత పడుతుంది, ముడతలో నీళ్లు నిలుస్తాయి. షాపులో ఆయనతో లాగే పోలండు ముసలాయన ఫ్లోరిడా పోయాడు. లూసీ లాగితే చాలలేదు. దీనమ్మకి మణికట్టు నొప్పి. రెండుసార్లు పరిచి రెండుసార్లు మడిచేశాడు.

మూడోసారి పరిచేసరికి గరాజు గుమ్మంలో దైవాశీర్వాదం నిలబడి ఉన్నాడు, చొక్కా చేతులు పైకి మడిచి. గోంగూర కట్ట ఇవ్వడానికి వెళ్లి దీనమ్మే సంగతి చెప్పింది. వెనకే వచ్చింది ఏమీ ఎరగనట్టు.

ఎవరూ వందనాలు చెప్పలేదు.

"దీనా," అన్నాడు రత్నరాజు గోడ వైపు చూస్తూ, "ఆయన ఎందుకొచ్చాడో అడుగు."

"వదినా, గుడ్డ పట్టుకోడానికని చెప్పు."

"పట్టుకునేదైతే అటువైపుకి పొమ్మను. చెప్పులిప్పమను. గోళ్లు తగలకూడదని చెప్పు."

"గోళ్లు తీసుకునే వచ్చానని చెప్పు వదినా."

"ఇద్దరికీ మధ్య నేనేమన్నా టెలిఫోనా?" అంది దీనమ్మ. "నేను పోయి టీ పెట్టుకుంటా. మీరు అరుచుకోండో, మూగసైగలు చేసుకోండో మీ ఇష్టం."

ఆవిడ వెళ్లిపోయింది. ఇద్దరు ముసలాళ్లూ చెరోవైపు నిలబడి గుడ్డ లాగారు. రత్నరాజు ముందంచు నుంచి వెనక్కి వేళ్లతో తడుముతూ వచ్చాడు, కళ్లకన్నా వేళ్లే నయం ఇప్పుడు. ముడత కోసం వెతికాడు. దొరకలేదు. అటువైపు లాగుడు ఇటువైపు లాగుడుతో సరిసమానంగా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడం ఆయనకి ఇంకా కోపం తెప్పించింది. అంచులకి పిన్నులు కొట్టి, పట్టీ బిగించి, "లీకవుతుందేమో చూడాలి," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. గరాజులో ఉన్నది మాత్రం ఇద్దరే.

రత్నరాజు స్టీరింగు వెనక కూర్చున్నాడు. దైవాశీర్వాదం చుట్టూ తిరిగి వచ్చి పక్కన కూర్చున్నాడు, తలుపు మెత్తగా వేశాడు. వంటింట్లో గిన్నె చప్పుడైంది.

చినుకు పడింది. ఇన్నేళ్లూ సీట్ల మీదా తొట్లలోనూ పడి ఇంకిపోయిన వాన, ఇప్పుడు బిగించి లాగిన గుడ్డ మీద పడింది. ఒక్క చుక్క లోపలికి రాలేదు. కానీ చప్పుడు వచ్చింది. తోలు వాయిద్యం మీద పడ్డట్టు, ఒకటి, కాస్త ఆగి, రెండు దగ్గర దగ్గరగా, మళ్లీ ఆగి, బరువుగా ఒకటి.

దైవాశీర్వాదం వేళ్లు తెలీకుండానే మోకాలి మీద కదిలాయి. కొంచెంసేపు వాయించి ఆపేశాడు. మళ్లీ వాయించాడు. చెవి పైకి పెట్టి విన్నాడు.

రత్నరాజూ విన్నాడు.

దైవాశీర్వాదం సన్నగా ఎత్తుకున్నాడు, ఆ క్రిస్మస్ కీర్తన. కింద నుంచి మొదలుపెట్టి, ఆగి ఆగి. మొదటి చరణం అంతా ఒంగోలు రాగంలో పాడాడు.

"ఇది నా రాగం," అన్నాడు రత్నరాజు.

"నీ రాగమే కరెక్టని నేననడం లేదన్నా. వాన నీ రాగంలో పడుతోంది. నేనేం చెయ్యను?"

"ఆ రోజు ఎందుకు మార్చావు?"

"మా నాన్న పోయినట్టు ఆ వారమే కబురొచ్చింది. ఆయన పాడేది అలాగే. చెయ్యి అటు పోయింది. నీకు చెబుదామని మర్నాడు వచ్చాను. నువ్వు తలుపు తియ్యలేదు."

తియ్యలేదు. ఆ తట్టడం రత్నరాజుకి గుర్తుంది. సోఫాలో కూర్చుని విన్నాడు, దీనమ్మని లేవనివ్వలేదు. ఇప్పుడు స్టీరింగుని రెండు చేతులతో పట్టుకున్నాడు. రెండో చరణం వంతు వచ్చింది. వాన ఆగి ఆగి పడుతోంది. దైవాశీర్వాదం పాడటం మానేసి వేళ్లు మాత్రం మోకాలి మీద ఆడిస్తున్నాడు, చోటు వదిలిపెట్టినట్టు. ఆ చోటులోకి రత్నరాజు గొంతు వెళ్లింది, తుప్పుపట్టిన కీలులా మొదట కిర్రుమంటూ.

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పోయింది. దీనమ్మ తుడవలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

వాన వెలిశాక దైవాశీర్వాదం అన్నాడు. "అన్నా, కారు నాకియ్యి."

"నీకియ్యను."

"ఎందుకని?"

"నువ్వు నడుపుతావు."

"కారు కొనేది నడపడానికి కాకపోతే కోళ్లని పెంచడానికా? టాపు ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు వెయ్యాలో నువ్వు చెబుతుండు, నేను నడుపుతాను. చర్చికి పోయే దారిలోనే మీ ఇల్లు."

"నేను చర్చికి వస్తానని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. దారి సంగతి చెప్పానంతే."

రేటు సంగతి లూసీ, జ్ఞానమ్మ మాట్లాడుకున్నారు. దీనమ్మ ఒకే షరతు పెట్టింది, గోంగూర తొట్లు కదపకూడదని.

ఆదివారం దీనమ్మకి హాస్పిటల్లో డ్యూటీ. రత్నరాజు కోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. గాలి కోసం కూర్చున్నానని లూసీతో చెప్పాడు. లేతాకుపచ్చ బండి టాపు వెనక్కి మడుచుకుని వీధి మలుపు తిరిగింది. ఆయనకి రంగు మాత్రమే కనపడింది, ఇంజను చప్పుడుని బట్టి మిగతాది తెలిసింది. బండి ఇంటి ముందు ఆగింది. ఆయన లేచి, అలవాటుగా స్టీరింగు వైపుకి నాలుగడుగులు వేసి, ఆగి, చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్లాడు.

"వందనాలు," అన్నాడు, ఇంజను చప్పుడులో కలిసిపోయేంత చిన్నగా.

దైవాశీర్వాదం ఇంజను ఆపేశాడు. "ఏమన్నావన్నా? వినపడలేదు."

"నీకు వినపడింది."

"చెవులు సరిగా లేవు. మళ్లీ చెప్పు."

"వందనాలు! ఇక కదులు, ఆలస్యమవుతోంది."

"వందనాలన్నా," అన్నాడు దైవాశీర్వాదం, అప్పుడు తాళం తిప్పి.

దారంతా రత్నరాజు సణుగుతూనే ఉన్నాడు, గేరు మెల్లిగా మార్చమని, గుంట చూసుకోమని. చర్చి రెండు వీధుల దూరంలో ఉందనగా, రోజూ దీనమ్మ టీ పెట్టే వేళయింది. ఎర్రటి ఎండలో, ఆ ఒక్క బండి మీద వాన మొదలైంది. పక్క కారులో వాళ్లు చూసి తమ కిటికీ అద్దం పైకెత్తుకుని పోయారు.

"టాపు వెయ్యనా అన్నా?"

"వద్దు. నువ్వు రోడ్డు చూడు."

రత్నరాజు సీటు కింద నుంచి ముసలమ్మ ఇచ్చిన నల్ల గొడుగు తీసి తెరిచాడు. నడిపేవాడికి కళ్లలో నీళ్లు పడకూడదు కదా. గొడుగు దైవాశీర్వాదం తల మీద పట్టుకుని తను తడుస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు కోటు నీళ్లోడుతూ చర్చిలోకి వచ్చిన మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన ముందు వరసలోకి వెళ్లి, చూసినా అక్షరాలు కనపడని పుస్తకాన్ని మూసి పక్కన పెట్టి, కింద నుంచి ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర ఊపిరి చాలక కాస్త నిలబడ్డాడు.

డోలక్ ఆయన కోసం ఆగింది.