తలుపు వెనక వంటగది

గోడలక్క పొద్దున్నే స్టూడియో ఫ్లోర్‌లోకి రాగానే చేసే మొదటి పని గోడలకు మురికి పట్టించడం. సినిమాలకు ఇళ్లు కట్టే మనిషి కదా, కొత్తగా మెరిసే గోడ కనిపిస్తే ఆవిడకు ఒళ్లు మండుతుంది. మసి నీళ్లలో గుడ్డ ముంచి స్విచ్చి బోర్డు చుట్టూ అద్దుతుంది. గుమ్మం పక్కన నూనె చెయ్యి రాస్తుంది. "ఈ ఇంట్లో ముసలాయన ఏ గోడ పట్టుకుని లేస్తాడు?" అని డైరెక్టరునే నిలదీస్తుంది. ఆయన నీళ్లు నమిలాడా, ఆ పూటకి పని సాగదు.

సైన్‌బోర్డులు రాసే తండ్రి దగ్గర కుంచె పట్టి, ఇద్దరు ఆర్ట్ డైరెక్టర్ల దగ్గర పన్నెండేళ్లు తిట్లు తిని, చివరికి ప్రొడక్షన్ డిజైనర్ అని తెరమీద పేరు వేయించుకుంది. ముప్పై ఒక్క సినిమాలు చేసింది. అన్నింటికీ వడ్రంగి ఒక్కడే, పెద్ద మేస్త్రీ. ఆవిడ గీసిందాంట్లో తప్పుంటే నోరెత్తకుండా సరిచేసి కట్టేవాడు. అదీ ఆయన పెద్దరికం.

ఆవిడ సెట్లలో తలుపుల సంగతి అందరికీ తెలిసిందే. మామూలు సెట్‌లో తలుపు తీస్తే వెనక ఏముంటుంది, ఊతకర్రలూ మేకుల డబ్బాలూ తప్ప? గోడలక్క సెట్‌లో తీస్తే ఆవిడ కట్టని గది ఒకటి ఉండేది. మేకప్ వాళ్లు అందులో కునుకు తీసేవాళ్లు, కాస్ట్యూమ్ వాళ్లు బట్టలు ఆరేసుకునేవాళ్లు. తలుపు ఊడదీసి వేరే గోడకు బిగిస్తే గదీ దాని వెంటే వెళ్లేది. సెట్ పడగొట్టేస్తే మాయమయ్యేది. ఒకసారి పిల్లి లోపలుండగా సెట్ పడగొట్టేశారు. పాపం, దాన్ని మళ్లీ ఎవరూ చూడలేదు. అప్పట్నుంచి, పడగొట్టే ముందు "లోపలెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అరవడం ఆనవాయితీ అయింది.

ఈసారి అరిస్తే లోపల్నుంచి మేస్త్రీ పలికాడు.

"నేనున్నాను. మీ పని మీరు కానివ్వండి."

మేస్త్రీ భార్య పోయి ఎనిమిది నెలలైంది. ఆయన ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఇంటికి సరిగ్గా పోవడమూ మానేశాడు. కూతురు రోజూ ఫోన్ చేసి, "అత్తా, నాన్న తిన్నాడా?" అని గోడలక్కను అడిగేది.

గోడలక్క తలుపు తోసి చూసింది. లోపల మేస్త్రీ ఇంటి వంటగదే ఉంది. స్టవ్ మీద పాలగిన్నె, కొక్కేనికి తడి తువ్వాలు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

"రండన్నా, ఇంటికెళ్దాం."

"మీ వదిన ఇప్పుడే పెరట్లోకి వెళ్లినట్టుంది చెల్లెమ్మా. గిన్నె ఇంకా వేడిగానే ఉంది చూడు. వచ్చేస్తుంది."

"ఎప్పట్నుంచి కూర్చున్నారు?"

"నిన్నట్నుంచి."

గోడలక్కకు పిల్లి గుర్తొచ్చింది. తలుపు మూసుకోకుండా చెక్క అడ్డం పెట్టి బయటికొచ్చింది.

బయట ప్రొడక్షన్ మేనేజర్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "సాయంత్రానికి ఫ్లోర్ ఖాళీ చెయ్యాలక్కా. రేపిక్కడ వేరే సినిమావాళ్లు పోలీస్ స్టేషన్ సెట్ వేస్తున్నారు. లోపల మనిషున్నాడంటే వాళ్లు వింటారా?"

నలుగురు కలిసి లాగితే మనిషి వస్తాడు. మనసు అక్కడే ఉండిపోతే ఏం లాభం? గోడలక్క ద్వారబంధంతో సహా తలుపు ఊడదీయించి వ్యాన్ ఎక్కించింది. దారంతా తనే పట్టుకుని నిలబడింది. లోపల్నుంచి మేస్త్రీ దగ్గు వినబడుతూనే ఉంది.

మేస్త్రీ ఇంట్లో వంటగది తలుపు తీసేసి, దీన్ని పెట్టారు. పనివాళ్లను పక్కకు తప్పుకోమని, కీళ్లు మాత్రం తనే బిగించింది గోడలక్క. గీతలు గీసిన చెయ్యేగానీ, స్క్రూలు తిప్పిన చెయ్యి కాదు. కింది కీలు వాలిపోయింది. తలుపు నేలకు రాసుకుని కీచుమంది. ఇంకోసారి తోసింది, ఇంకోసారి కీచుమంది. కావాలని చేసిందో, చేతకాక చేసిందో, ఇప్పటికీ అడిగితే చెప్పదు.

మూడోసారికి లోపల్నుంచి గొంతు లేచింది.

"ఎవడయ్యా ఆ తలుపు బిగించింది?"

మేస్త్రీ విసురుగా బయటికొచ్చాడు. ఎటూ చూడలేదు, కింది కీలు దగ్గర కూలబడ్డాడు.

"ఇలాగేనా బిగించేది? నా పరువు తీస్తారు మీరు," అని గొణుగుతూ స్క్రూలు విప్పాడు. అడుగుచెక్క చిత్రిక పట్టి మళ్లీ బిగించాడు. కూతురు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని గోడవారన నిలబడింది. తలుపు ఇప్పుడు చడీచప్పుడు లేకుండా తిరిగింది. మేస్త్రీ తృప్తిగా తల ఎత్తాడు.

నిజం ఇంట్లో, నిజం గోడకు, ఆయన చేత్తో సరిగ్గా బిగిసిన తలుపు కదా, వెనక ఆ ఇంటి అసలు వంటగదే ఉంది. స్టవ్ చల్లగా ఉంది. కొక్కేనికి ఏమీ లేదు.

"పాలగిన్నె ఏదమ్మా?"

"కడిగి బోర్లించాను నాన్నా. ఎనిమిది నెలలైంది."

మేస్త్రీ అక్కడే గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. పెద్దగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. గోడలక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని కుమిలికుమిలి ఏడ్చింది. మేనేజర్ ఫోన్ చేస్తుంటే కట్టేసింది.

చాలాసేపటికి మేస్త్రీ మొహం తుడుచుకుని లేచాడు. తలుపు దాటి లోపలికెళ్లి స్టవ్ వెలిగించాడు.

"ముగ్గురికీ టీ పెడతాను, కూర్చోండి," అన్నాడు. పంచదార డబ్బా తీసి అలాగే ఆగిపోయాడు. "మీ అమ్మ ఎంత వేసేదో నేనెప్పుడూ చూడలేదే. నువ్వే చెప్పాలి."