పంపాననుకున్న జవాబు

నల్లగండ్ల ఫ్లైఓవర్ మీద క్యాబ్ ఆగి ఉండగా వచ్చింది ఆ మెయిల్. రాత్రంతా మెలకువతో మండుతున్న కళ్లను చున్నీ అంచుతో తుడుచుకుని రసజ్ఞ మళ్లీ చదివింది. పగటి టీములో ఒక సీటు ఖాళీ అయిందని, వరసలో మొదటి పేరు ఆమెదేనని, మధ్యాహ్నంలోగా సరేనని రాస్తే చాలని మేనేజర్ సౌజన్య రాసింది.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే తంతు. శ్యామ్‌ది పగటి డ్యూటీ, ఆమెది రాత్రి డ్యూటీ. గోపన్‌పల్లి ఫ్లాట్‌లో కాపురమంటే గుమ్మం దగ్గర తాళంచెవి చేతులు మారడమే. అతను లేచిన దిండు వెచ్చదనం ఆరకముందే ఈమె తల వాల్చేది. అదీ ఒక వైభోగమేనని మురిసిపోయేది కూడా, పిచ్చిపిల్ల.

క్యాబ్‌లోనే ఫోనులో జవాబు మొదలుపెట్టింది. రెండు ముక్కలు చాలు గానీ సంతోషం ఆగదుగా. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. ఫోను తన మానాన తాను రాసిందల్లా డ్రాఫ్టుల్లో దాచుకుంటూనే ఉంది. అపార్టుమెంటు లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా సెండ్ నొక్కి, ఫోను బ్యాగులో పడేసింది.

శ్యామ్ ఆఫీసుకి బూట్లు వేసుకుంటున్నాడు. సంగతి వినగానే ఒంటికాలి బూటుతోనే ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఇకమీదట రాత్రి వంట తనదేనని, తినాల్సిన ఖర్మ ఆమెదని చెప్పి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

పడుకునే ముందు రసజ్ఞ లాప్‌టాప్ తెరిచింది. డ్రాఫ్టుల్లో ఆ జవాబే కనిపించింది. ఫోనులో రాసి పంపినవాటి నకళ్లు అక్కడ పోగుపడటం ఆమెకు మామూలే. చెత్త కనబడితే ఊడ్చేదాకా ఊరుకోని మనిషి, దాన్నీ తీసేసింది. పంపిన మెయిళ్లలో ఉందో లేదో చూడాలని తోచలేదు. ఫోను సైలెంట్‌లో పెట్టి, కర్టెన్ లాగి, హాయిగా నిద్రపోయింది.

సాయంత్రం లేచేసరికి సౌజన్య నుంచి ఇంకో మెయిల్ వచ్చి ఉంది. జవాబు రాలేదు కాబట్టి సీటు తర్వాతి పేరుకు ఇచ్చేశారట. ఫోనులో కిందికి జరిపి చూస్తే పొద్దుటి నోటిఫికేషన్ ఇంకా అక్కడే ఉంది. నెట్‌వర్క్ లేదు, మెయిల్ వెళ్లలేదు, డ్రాఫ్టుల్లో ఉంచాం అని. లిఫ్టులో సిగ్నల్ పోయింది. వెళ్లలేక వెనక్కొచ్చిన ఆ ఒక్క జవాబునే ఆమె చేతులారా ఊడ్చేసింది.

సౌజన్యకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. ఆవిడ పాపం నొచ్చుకుంది గానీ, తర్వాతి మనిషి పేరు పైవాళ్లకు వెళ్లిపోయిందని, మళ్లీ అవకాశమంటే వచ్చే ఏడాదేనని తేల్చేసింది. సీటు దక్కింది పక్క కుర్చీలో కూర్చునే జ్యోత్స్నకు. కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

“నువ్వు వద్దనుకున్నవేమో అనుకున్న, రసజ్ఞా. రాత్రి నేను లేకుంటే మా చిన్నోడు పండుకుంటలేడు. తిరిగిమ్మంటే ఇస్త. కానీ జర అడగకు.”

రసజ్ఞ అడగలేదు. పిల్లాడికి తన ముద్దులు అందించమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

చీకటి పడుతుండగా శ్యామ్ వచ్చాడు, లింగంపల్లి స్టేషన్ దగ్గర కొన్న మిర్చి బజ్జీల పొట్లంతో. కింద ఆమె క్యాబ్ అప్పటికే హారన్ కొడుతోంది. నిలబడే అంతా చెప్పింది. అతను తిట్టలేదు, నవ్వించనూ లేదు. పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే ఉన్నాడు.

“వెళ్లిందో లేదో ఒక్కసారి చూసుకోవాల్సింది,” అన్నాడు చివరికి.

“నీకు చెప్పేశాగా. ఇక అయిపోయిందనే అనుకున్నా.”

ఆమె చెప్పులు వేసుకుంది, బ్యాగు తగిలించుకుంది, గుమ్మం దాటబోయి ఆగింది. వెనక్కి తిరిగి చెప్పింది.

“రేపు పొద్దున క్యాబ్ ఇంటిదాకా రానివ్వను. మీ ఆఫీసు గేటు దగ్గరే దిగిపోతా. నువ్వు కాస్త ముందే వచ్చెయ్. నువ్వు లోపలికెళ్లేలోపు అక్కడే ఇడ్లీ బండి దగ్గర ఇద్దరం కలిసి తిందాం.”