నా అరచేతిలో అమ్మ చీర

ఈ ఉదయం నుంచి మా ఇల్లు పెరుగు గిన్నెలో ఉంది. గుమ్మాలు కాస్త పులిశాయి, అంతే. ఎక్కడున్నా ఇంటి పని తప్పదు కనుక నేను వాకిలి ఊడుస్తున్నాను.

అమ్మ మంచం మీద పడుకుని ఉంది. ఆమె చీర మాత్రం వంటింట్లోకి, అటక మీదికి, గోడల లోపలికి చుట్టలు చుట్టలుగా వెళ్ళి మళ్ళీ ఆమె దగ్గరికే వస్తుంది. రెండు పొరల నేత. పప్పులో ఉప్పెంత వెయ్యాలో, కప్పు కూలకుండా ఎలా నిలబడాలో అన్నీ అందులోనే నేసి ఉన్నాయి. అది తెగితే అమ్మ ఉండదు. ఇల్లూ ఉండదు.

కప్పు మీద వాలేవాళ్ళు కొందరున్నారు. సన్నటి కాళ్ళతో వాలతారు, మర్యాదకైనా లోపలికి రారు. కప్పుకి చిల్లి పెట్టి తమ చీరొకటి లోపలికి జారుస్తారు. అది పడిందంటే మా పొయ్యి మీద, మా బియ్యంతోనే వాళ్ళ పిల్లలు పుట్టుకొస్తారు. చివరికి ఇల్లు నిండి పగిలిపోతుంది. పక్కింటివాళ్ళు అలాగే పోయారు. ఆ చప్పుడుకి మా గిన్నెలు ఇంకా వణుకుతున్నాయి.

అందుకే మాకో పద్ధతి ఉంది. పరాయి చీర పడినప్పుడల్లా మా రాజ్యం పిన్ని అందులోంచి రాలిన పీలికను ఏరి, గుమ్మం పక్కన వేలాడే బొంతకు కుడుతుంది. పీలికకీ పీలికకీ మధ్య ఒకే రకం తెల్లగుడ్డ. కొత్తది ఎప్పుడూ గుమ్మం వైపే. తెల్లారగానే నేను ఆ కొత్త పీలిక మీద అరచెయ్యి ఆనించి నొక్కుతాను. ఆ నేత చేతిలో అచ్చు పడుతుంది. పడగానే నా మోచెయ్యి తమ్ముడి భుజానికి అతుక్కుంటుంది. ఇక ఆ రోజంతా అరచెయ్యి వాడి ముందు తెరిచి పెట్టి ఉంచుతాను.

తమ్ముడి పేరు కోటిలింగం. వాడికి కళ్ళు లేవు, వేళ్ళ బదులు కత్తెరలున్నాయి. మనిషి మాత్రం వెన్న. ఏ గుడ్డ తగిలినా ముందు ఎర్ర ముడి కోసం తడుముతాడు; ఏ చీరలోనైనా అలాంటివి అక్కడక్కడా ఉంటాయి. ముడి లేకపోతే వదిలేస్తాడు. బొంతలో పిన్ని ఆ ముడి ఎన్నడూ పడనివ్వదు, కాబట్టే బొంత మాకు మిగిలింది. ముడి తగిలితే అక్కడ రెండు పొరలూ విడదీసి, ముడి పక్కనుంచి ఒక్కో పోగూ నా అరచేతితో సరిచూస్తాడు. మొదట్లోనే తేడా వస్తే ముందుకు పోతాడు. చివరిదాకా కలిస్తే రెండు పొరలూ కోస్తాడు. మా ఇంట్లో గుర్తుపట్టడం అంటే అదే.

ఇవాళ వాడు అమ్మ మంచం వైపు నడుస్తున్నాడు.

"అటెక్కడికిరా?" అంటాను.

"నీ చెయ్యే అటు లాగుతోందక్కా."

అరచెయ్యి చూసుకుంటాను. పసుపు గళ్ళు, మధ్యలో చిన్న అతుకు. ఇది వాలేవాళ్ళ నేత కాదు. అమ్మ చంకనెక్కినప్పుడు నేను నోట్లో పెట్టుకుని చప్పరించిన కొంగు.

"పిన్నీ, ఏం కుట్టావు బొంతకి?"

పిన్ని సూది కింద పెట్టేస్తుంది. "నిన్న కప్పులోంచి పడిన చీర మీ అమ్మ చీరతో చిక్కుపడిందే. ఇల్లంతా అరుపులు. రెండిట్లోంచీ పీలికలు రాలాయి. చేతికందింది కుట్టేశాను."

"విప్పెయ్యి మరి!"

"విప్పితే ఏం లాభం? నీ చేతిలో పడిపోయిందిగా."

మోచెయ్యి లాక్కుందామని చూస్తాను. రాదు. అమ్మ మా ఇద్దరినీ చూసి పక్కకు జరిగి చోటిస్తుంది, మేం పడుకోడానికి వచ్చామన్నట్టు.

"తమ్ముణ్ణి ఏమీ అనకు తులశమ్మా," అంటుంది. "వాడికి తెలిసిన పని అదొక్కటే."

"అక్కా, ముడి తగిలింది," అంటాడు కోటిలింగం. కత్తెరల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వాడు ఏడ్చే తీరు అదే.

"ఆగరా."

"ఆగడం నాకెవరూ నేర్పలేదుగా."

మంచం పక్కన సన్నికల్లు ఉంది. ఖాళీ చేత్తో పొత్రం అందుకుని నా అరచెయ్యి మీద రుద్దుతాను. ముడి పక్కన రావలసిన పోగుల దగ్గరే మొదలుపెడతాను. అవి తప్పితే మిగతావి వాడు చూడడు.

మొదటి పోగు చెరిగేసరికి అమ్మ నన్ను ముద్దుగా ఏమని పిలిచేదో గుర్తు రావడం లేదు. ఇంకో పోగుతో ఆమె తలనూనె వాసన పోతుంది. నాకు భయంగా ఉంది. ఇది నాకు వద్దు. రుద్దడం మాత్రం ఆపను. జ్వరంలో నా నుదుటి మీద ఆనిన చెయ్యి పోతుంది. ఆ చెయ్యి ఎవరిదో కూడా పోతుంది.

కోటిలింగం రెండు పొరలూ విడదీసి, నా అరచెయ్యి తడిమి చూస్తాడు. మళ్ళీ తడుముతాడు. పొరలు వాటంతటవే మూసుకుంటాయి.

"ఇది కాదక్కా," అని ముందుకు పోతాడు. నా మోచెయ్యి వాడి భుజం నుంచి ఊడివస్తుంది.

మంచం మీద ఒకావిడ కూర్చుని ఉంది. పెద్దావిడ. నా చేతి నెత్తురు తన కొంగుతో తుడుస్తోంది. ఎంత చనువు!

"ఎవరండీ మీరు?" అంటాను.

ఆవిడ కొంగు వెనక్కి తీసుకుంటుంది.

"దారిన పోయేదాన్నమ్మా. కాస్త కూర్చుని పోతాను."

"మంచినీళ్ళిమ్మంటారా?"

"ఇవ్వు తల్లీ."

నీళ్ళు తెచ్చేసరికి ఇల్లు నడుముదగ్గర సన్నబడుతోంది; పెరుగులో ఇళ్ళు ఇలాగే ఒకటి రెండవుతాయి. గోడలు రెండు పక్కలనుంచీ దగ్గరికొచ్చి కలుసుకుంటున్నాయి. ఇవతలొక గది, అవతలొక గది. రెండిట్లోనూ ఒకే చీర, ఒకే పెద్దావిడ. గ్లాసు ఒకటే ఉంది. ఎవరికివ్వాలో తెలియక మధ్యలో నిలబడి ఉన్నాను. ఇద్దరి ఒళ్ళోనూ చెరొక పసిపిల్ల ఉంది. ఇద్దరిదీ నా ముఖమే. తమను ఎత్తుకున్నావిడ ముఖం చూసి, కొత్త చేసి, ఇద్దరూ ఒక్కసారే గుక్కపట్టి ఏడుస్తున్నారు.