కోట మీది బంకమట్టి

పొద్దుటి నమాజు కాగానే తనిబక్ కైరో కోట మీది కసరత్తు పెరట్లోకి వచ్చి, ఎప్పటిలాగే తడి బంకమట్టి దిమ్మె మీద నూరు వేట్లు వేశాడు. ప్రతి వేటూ వేలెడు లోతు. గోరంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. సంతలో కొనుక్కొచ్చిన బానిస పిల్లల్ని నలభై ఏళ్లుగా సిపాయిలను చేసిన చెయ్యి అది. వాళ్లలో ఇద్దరు అమీర్లయ్యారు. ఒక్కడూ తిరిగొచ్చి సలాం చెప్పిన పాపాన పోలేదు. ఆ ఇద్దరి పేర్లూ తనిబక్ మళ్లీ ఎత్తలేదు.

దిమ్మె మీది గాట్లు వాటంతటవే పూడుకుంటాయి. బానిసలు గద్దెనెక్కి ఏలడం మొదలెట్టిన నాటినుంచీ, రెండున్నర వందల ఏళ్లుగా అంతే. పాతరోజుల్లో ఒక నమాజుకీ ఇంకో నమాజుకీ మధ్యే నున్నబడేదట. ఇప్పుడు మర్నాటికి గానీ పూడదు.

"దానికీ మనలాగే ఓపిక అయిపోయింది ఉస్తాద్," అనేవాడు కావలి ముసలాడు మిస్కాల్.

ఆ మట్టిని కొన్న బిడ్డలే తాకాలి, కన్న బిడ్డలు తాకకూడదు. సిపాయి కొడుకు సిపాయి కాకూడదన్నది వాళ్ల కట్టుబాటు. తనిబక్ కొడుకు యూనుస్ అది ఓర్వలేక, అందరూ చీదరించుకునే తుపాకీ దళంలో చేరాడు. దూరాన నిలబడి చంపేవాడు మగాడేనా అని తండ్రి ఆరేళ్లుగా మాట మానేశాడు.

ఆ వారంలోనే దండెత్తి వచ్చిన ఉస్మానీ తుర్కుల ఫిరంగుల ముందు వీళ్ల గుర్రాలూ కత్తులూ ఒక్క పూటలో కూలిపోయాయి. మూడోనాటి మధ్యాహ్నం మిస్కాల్ యూనుస్‌ను గాడిద మీద వేసుకొచ్చాడు. భుజంలో గుండు దిగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. సాయంత్రం దాటడని వైద్యుడు చెప్పేశాడట. తన గాట్లు పూడ్చుకున్నట్టే వీడి గాయమూ పూడుస్తుందేమో, ఆ మట్టి మీద పడుకోబెట్టమని మిస్కాల్ బతిమాలాడు.

"వద్దులే. నన్ను కొనలేదుగా నాన్నా," అన్నాడు యూనుస్ కళ్లు తెరవకుండానే. "నీ మట్టి మైలపడుతుంది."

తనిబక్ తనే కొడుకు చంకల కింద చేతులు వేసి ఎత్తి దిమ్మె మీద పడుకోబెట్టాడు. మట్టి కదల్లేదు.

"దానికి కత్తి దెబ్బే తెలుసు ఉస్తాద్. గుండు దెబ్బ తెలీదు," అన్నాడు మిస్కాల్.

తనిబక్ కత్తి దూశాడు.

"కదలకురా," అన్నాడు. ఆరేళ్లకు అదే మొదటి మాట.

భుజం మీద ఒక్క వేటు. వేలెడు లోతు, గోరంత ఎక్కువ లేదు. గుండు ఊడి మట్టిలో పడింది.

తర్వాతి నమాజు పిలుపు వినబడేలోపే, పాతరోజుల్లోలాగా, భుజం నున్నగా పూడిపోయింది. యూనుస్ మంచినీళ్లు అడిగాడు.

దిమ్మె మీది ఆ పొద్దుటి నూరు గాట్లు మాత్రం మర్నాడూ పూడలేదు, ఆ మర్నాడూ పూడలేదు. తనిబక్ కత్తిని తుడిచి దిమ్మె పక్కనే ఉంచేసి, కొడుకు భుజం పట్టుకుని కోట మెట్లు దిగాడు.