చార్లీ ఏడు సెట్ కట్టేశాడు

తన చావుకు వచ్చిన పూలచక్రాన్ని ఎమ్రిస్ ప్యూ స్వయంగా తలుపు తీసి అందుకున్నాడు. సంతకం కూడా తనే పెట్టాడు. పూలు తెచ్చిన మనిషి దిగులుమొహం వేసుకుని, "మీకు ఆయన ఏమవుతారండీ?" అని అడిగాడు. ఎమ్రిస్ భుజాలెగరేసి తలుపేశాడు.

వంటింట్లో మాంసం, ఉల్లికాడల్లాంటి లీకు కాడలు వేసిన కౌల్ పులుసు ఉడుకుతోంది. అతని భార్య నెస్టా గరిటె పట్టుకునే నడవలోకి వచ్చింది. చక్రం నిండా పచ్చటి డాఫొడిల్ పూలు, మధ్యలో ఒక కార్డు.

"ఎవరు పోయారు?" అంది.

ఎమ్రిస్ చూపుడువేలు తన గుండె మీదే పెట్టుకున్నాడు.

నెస్టా కార్డు లాక్కుని చదివింది. "చార్లీ ఏడు. ఉండు, మళ్ళీ పిలుస్తాం. అబర్‌కారెగ్ వాలంటీర్ సిగ్నల్స్." చార్లీ ఏడంటే ఎమ్రిసే, దళంలో సెట్ మీద అతన్ని పిలిచే పేరు. ఇక ఆ రెండో మాట, ఆ దళంలో పోయినవాళ్ళతో తప్ప ఎవరితోనూ అనరు.

దాని వెనుక ఒక కథ ఉంది. సైన్యానికి ఫోన్, వైర్‌లెస్ కబుర్లు అందించే అబర్‌కారెగ్ దళం అంటే పగలంతా తపాలాఫీసులోనో పలకరాయి గనిలోనో చాకిరీ చేసి, మంగళవారం సాయంత్రం యూనిఫాం తొడుక్కునే మనుషుల దళం. వాళ్ళు మొట్టమొదట వేసిన ఫోన్ తీగ ప్రార్థనామందిరం నుంచి సారాకొట్టుకు. పాదిరిగారు ఆ సంగతి చచ్చేదాకా మర్చిపోలేదు. అటువంటివాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. ఇటలీలో ఒక నదికి ఇవతల సార్జెంట్ ఇద్వాల్, అవతల టెగిడ్ అనే కుర్రాడు, ఇద్దరి దగ్గరా చెరొక వైర్‌లెస్ సెట్. ఒక తెల్లవారుజామున టెగిడ్ పలకలేదు. పిలిచినా పలకకపోతే "జవాబు లేదు, అవుట్" అని మాట ముగించేసి తర్వాతివాణ్ణి పిలవాలి, అది రూలు. ఇద్వాల్‌కు నోరు రాలేదు. "టెగిడ్, ఉండు, మళ్ళీ పిలుస్తా" అన్నాడు. పైవాళ్ళు చివాట్లు పెట్టారు. పెడితే పెట్టారు. అప్పటి నుంచీ ఏటా మార్చి ఒకటిన సెయింట్ డేవిడ్ పండుగ విందులో పోయినవాళ్ళను ఒక్కొక్కరినీ సెట్ మీద పిలుస్తారు. ఎవరినీ జవాబు లేదని కొట్టెయ్యరు.

ఆ పిలిచే పని చాలా ఏళ్ళు చేసింది ఎమ్రిసే. ఏం గొంతు అది! ఊరు వదిలి సముద్రం ఒడ్డుకు వచ్చేశాక కూడా, ఏటా ఆ ఒక్క రోజు కోసం నెలముందు నుంచీ స్నానాల గదిలో సాధన చేసేవాడు. కిందటి వేసవిలో కాన్సర్ వచ్చి డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మెడకు ఆనించుకుని పెదాలు కదిపితే మాట పలికే చిన్న యంత్రం చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని ఎమ్రిస్ ఒకే ఒక్కసారి బేకరీకి వెళ్ళాడు, ఎండుద్రాక్ష రొట్టె కావాలన్నాడు. కొట్లో పిల్ల, "ఏంటండీ? ఏంటి? మళ్ళీ చెప్పండి" అంటూనే ఉంది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. రొట్టె లేకుండా ఇంటికొచ్చి యంత్రాన్ని సొరుగులో పడేశాడు. ఇక ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాడు. పోనుపోను అదీ తగ్గింది.

నెస్టా ఆ యంత్రాన్ని తీసి, బ్యాటరీ మార్చి, తన చేతిసంచీలో వేసుకుంది. ఎక్కడికెళ్ళినా అది వెంట ఉండాల్సిందే. అతను ఒక్కసారి చెయ్యి చాపితే చాలు, అంతకంటే ఆమె దేవుణ్ణి ఏమీ అడగడం లేదు.

సరే, ఈ చావు కబురు ఎలా పుట్టింది? కార్డు పట్టుకుని నిలబడ్డ నెస్టాకు జనవరిలో వచ్చిన ఫోన్ గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి.

దళం నుంచి మారెడ్ అనే కార్పొరల్ చేసింది. "విందుకు మీరిద్దరూ రావాలి మిసెస్ ప్యూ. ప్యూగారే పిలవాలని మా అందరి కోరిక" అంది. అదే రోజు పొద్దున ఎమ్రిస్ పలకను కూడా విసిరేశాడు. నెస్టా ఒళ్ళు మండి ఉంది.

"ఏం పిలుస్తాడమ్మాయ్, ఆయన కిందటి వేసవిలోనే సెట్ కట్టేశాడు."

"అయ్యో, మాకు తెలియనే తెలియదండీ. మీరెలా ఉన్నారు మరి?"

"నాకేం, బాగానే ఉన్నా. నిజం చెప్పాలంటే మొదటి వారం హాయిగానే ఉండింది. ఇల్లంతా ప్రశాంతం. ఇప్పుడే కష్టంగా ఉంది, గోడతో కాపురం చేసినట్టుంది."

"మీరు చాలా ధైర్యవంతులండీ" అంది మారెడ్, ఏడుపు గొంతుతో.

ఇదెక్కడి పిల్ల, ఇంత మెత్తని మనసైతే సైన్యంలో ఎలా నెగ్గుకొస్తుంది అనుకుని నెస్టా ఫోన్ పెట్టేసింది. ఆమె దళంలో పనిచేసిన కాలంలో సెట్ కట్టేశాడంటే అలిగి, గుడారంలో గోడవైపు తిరిగి పడుకున్నాడని అర్థం. ఈ మధ్య దళంలో పిల్లలు 'చచ్చిపోయాడు' అనలేక ఆ మాటను మర్యాదగా చావుకు వాడుకుంటున్నారు. ఊళ్ళో లేని మనిషికి ఎవరు చెబుతారు? మన మాటే మన కొంప ముంచింది.

వెంటనే దళం హాలుకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మంగళవారం సాయంత్రం తప్ప అక్కడ పురుగు కూడా ఉండదు. విందు చూస్తే మర్నాడే.

ఎమ్రిస్ కుర్చీలో కూలబడి ఉన్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని కంగారుగా వంగి చూసింది. నవ్వుతున్నాడు. వేసవి తర్వాత అదే మొదటి నవ్వు.

"నవ్వు, నవ్వు. రేపు, పోయిన మన హైవెల్ పక్కన నిన్నూ పిలుస్తారు. అందరూ లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంటారు. ఆ పాపం నేను మొయ్యలేనయ్యా. నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే వెళ్ళి, నా మొగుడు చావలేదు, అలిగాడు అని అందరి ముందూ చెప్పేస్తా."

ఎమ్రిస్ పలక అందుకున్నాడు. "వస్తా. మాట్లాడను."

మర్నాడు దారిలో గొర్రెలు అడ్డం పడ్డాయి. ఒక మందను దాటితే ఇంకో మంద. ముందుగా వెళ్ళి చెవిలో చెప్పేద్దామనుకున్న నెస్టా పళ్ళు కొరుకుతూ కారు నడిపింది. హాలు తలుపు తోసేసరికే తెరలు దించేశారు, దీపాలు తగ్గించేశారు. పిలుపు మొదలైపోయింది.

పిలుపు నడుస్తుంటే ఎవరూ నోరెత్తకూడదు, తల తిప్పకూడదు. ఒకప్పుడు తుమ్మిన పాపానికి ఒక కర్నల్ ఏడాది పొడుగునా అందరికీ బీరు పోయించాడు. నెస్టా నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. దంపతులిద్దరూ తలుపు దగ్గరే, చీకట్లో నిలబడిపోయారు.

ముందున్న పెద్ద బల్ల మీద ఒక పాత సెట్, దానికి స్పీకరు. దాని ముందు మారెడ్, రింగుల జుట్టు బిగించి కట్టుకున్న పొడుగాటి పిల్ల. రెండో సెట్ ఎప్పుడూ తలుపు పక్కనే, చిన్న బల్ల మీద ఉంటుంది. దాని దగ్గర ఒక ఖాళీ కుర్చీ, నిండుగా పోసిన బీరు గ్లాసు. అది పోయినవాళ్ళది. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

"చార్లీ రెండు, వినబడుతోందా? ఓవర్" అంది మారెడ్. ఓవర్ అంటే నా మాట అయిపోయింది, ఇక నువ్వు చెప్పు అని.

చార్లీ రెండంటే హైవెల్, ఎమ్రిస్‌తో కలిసి తీగచుట్ట మోసినవాడు.

"చార్లీ రెండు, ఉండు, మళ్ళీ పిలుస్తా."

ఎమ్రిస్ తల దించుకున్నాడు. నెస్టా అతని మోచెయ్యి పట్టుకుంది. తలుపు రెండడుగుల్లోనే ఉంది. వెళ్ళిపోతాడేమోనని ఆమె భయం.

"చార్లీ ఏడు." మారెడ్ రిసీవర్ రెండు చేతులా పట్టుకుంది. "చార్లీ ఏడు, వినబడుతోందా? ఓవర్."

నెస్టా చేతిలోంచి మోచెయ్యి జారిపోయింది. ఎమ్రిస్ తలుపువైపు వెళ్ళలేదు. ఖాళీ కుర్చీలో కూర్చుని, రిసీవర్ తీసి, బొటనవేలితో మీట రెండుసార్లు నొక్కాడు.

స్పీకర్లో టక్, టక్ మంది.

ఆ శబ్దం నెస్టా గుండెల్లో మోగింది. వయసులో ఉన్నప్పుడు ఆమె కింద శిబిరంలో సెట్ దగ్గర, అతను పైన కొండ మీద. శత్రువు దగ్గర్లో ఉన్నట్టు చేసే సాధనలో కొండ మీదివాళ్ళు మాట్లాడ్డం నిషేధం. బాగున్నావా అని ఆమె అడిగేది. రెండుసార్లు నొక్కితే విన్నాను, బాగున్నాను అని అర్థం. ఆ రెండు టక్కుల కోసమే ఆమె మంగళవారం ఎప్పుడొస్తుందా అని చూసేది.

మారెడ్ మొహం పాలిపోయింది. అయినా పెరిగిన పద్ధతి ఊరుకోనిస్తుందా? సెట్ పలికితే జవాబు చెప్పాలి. "చార్లీ ఏడు, మళ్ళీ చెప్పండి. ఓవర్."

మళ్ళీ చెప్పండి. బేకరీలో పిల్ల అన్న మాటే. నెస్టా కళ్ళు మూసుకుంది. అయిపోయింది, ఇక లేచి వెళ్ళిపోతాడు అనుకుంది.

ఏదో ఆమె చేతిసంచీకి తగిలింది. కళ్ళు తెరిచింది. ఎమ్రిస్ ఆమెవైపు చూడకుండానే అరచెయ్యి చాపి ఉన్నాడు.

సంచీ గొళ్ళెం ఊడిరావడానికి యుగం పట్టింది. యంత్రాన్ని అతని చేతిలో పెట్టింది. దాన్ని మెడకు ఆనించుకుని మీట నొక్కాడు.

"చార్లీ ఏడు. వినబడుతున్నానా? ఓవర్."

గరగరలాడే, ఎగుడుదిగుడు లేని, రేకుడబ్బా గొంతు. కానీ వింటున్నది ఎవరు? వానలో, గాలిలో, కొండకవతల నుంచి సగం చచ్చిపోయి వచ్చే గొంతులను పట్టుకోవడమే పనిగా బతికినవాళ్ళు. వాళ్ళకు మనిషి గొంతంటే ఎప్పుడూ ఇలాగే వచ్చింది. ఒక్కరూ ఏంటని అడగలేదు.

మారెడ్ క్షణం కూడా ఆగలేదు. "చార్లీ ఏడు, గట్టిగా, స్పష్టంగా వినబడుతున్నారు. ఓవర్."

"అయితే నన్ను చచ్చినవాళ్ళలోంచి తీసెయ్యి. పూలు మాత్రం తిరిగివ్వను. అవుట్."

దీపాలు వెలిగాయి. కుర్చీలు పడ్డాయి. ముసలివాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి అతని మీద పడ్డారు. మారెడ్ ఏడుస్తూ నవ్వుతూ, "మీరే చెప్పారండీ, మొదటి వారం హాయిగా ఉందని" అని నెస్టాను పట్టుకుంది. నెస్టా సిగ్గుతో చితికిపోతూ ఆ పిల్ల భుజం మీదే భోరుమంది. దళంలో అందరికంటే చిన్నవాడు కుర్చీ ఎక్కి, ఆనవాయితీ ప్రకారం పచ్చి లీకు కాడ నమలసాగాడు. చార్లీ ఏడు పక్కన నిలబడి, నమలడం రాదురా నీకు అని అదే గొంతుతో ఎగతాళి చేశాడు.

తిరుగుదారిలో ఎమ్రిస్ మాట ఆపలేదు. కారు కదిలింది మొదలు హైవెల్ సంగతులు, గొర్రెల సంగతులు, నెస్టా కారు నడిపే తీరులో తప్పులు, ఆ కౌల్‌లో ఉప్పు తక్కువైన సంగతి. కొండ దిగేసరికి నెస్టా తల దిమ్మెక్కిపోయింది. ఇక సెట్ కట్టెయ్యవయ్యా బాబూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది.

"ఊఁ," అంది, కళ్ళు తుడుచుకుని. "తర్వాత? ఓవర్."