తలకిందుల రాగిబిళ్ల

మా పూజపీట మీద ఒక రాగిబిళ్ల నిలబెట్టి ఉంటుంది. నలభై ఏళ్ల కిందట రంగూన్ రేవులో పాత ఇనుము దింపుతుంటే తాతకి దొరికిందట. దాని మీది గీతలు అమ్మవారి రాత అని నాయనమ్మ తాయారమ్మ నమ్మకం. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమేది నేనే. ముందువైపు తోమితోమి సన్నటి గీతలే మిగిలాయి. వెనకవైపు పసుపు పెచ్చుకట్టి ఉండేది. మొన్న ఆ పెచ్చు ఊడిపోయి కింద అక్షరాలు బయటపడ్డాయి.

తెలుగు కాదు, ఒరియా కాదు, బర్మా కాదు. ఏటికి అవతల, రంగూన్ పబేడాన్ పేటలో అత్తరు కొట్టు తలుపు మీద అలాంటి రాతే చూశాను.

రేషన్ నూనె క్యూకి వెళ్తున్నానని సీసా పట్టుకుని, బిళ్లని గుడ్డలో చుట్టుకుని, మా దలా ఒడ్డున పడవెక్కాను. క్యూ అంటే పూటంతా పడుతుంది, ఎవరూ అనుమానించరు. కానీ దీపం వేళకి బిళ్ల పీట మీద లేకపోతే నాయనమ్మ అన్నం ముట్టదు. అదీ నా భయం.

కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. నాలుగోసారి కొట్టు యజమాని హాజీ తాతే పిలిచారు. రేవులో తెలుగు కూలీలతో బేరాలాడి ఆయనకి తెలుగు వచ్చు.

"చెప్పులరిగిపోతాయి గానీ, లోపలికి రామ్మా."

గుడ్డ విప్పి బిళ్లని చాపాను. ఆయన దాన్ని భూతద్దంలో చూశారు.

"అరబ్బీ ఇది. ముందు, దేవుడు ఒక్కడే అని. వెనక, ఈ ఫల్సు డమాస్కస్‌లో కొట్టారని. ఫల్సంటే రాగి పైసా. పన్నెండు వందల ఏళ్లనాటిది. ఇంట్లో ఎలా నిలబెడతారు?"

చూపించాను.

"తలకిందులు," అన్నారు మెల్లగా.

పడవలో నవ్వు ఆగలేదు. నలభై ఏళ్లుగా మా అమ్మవారు శీర్షాసనంలో ఉంది, అదీ డమాస్కస్ చిల్లర! ఎందుకో తెలియకుండానే పక్కనున్న చేపలావిడ కూడా నవ్వింది.

గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది.

"నూనేదే?"

సీసా ఖాళీ. నేను మళ్లీ నవ్వాను.

"ఏటే, క్యూలో నూనె బదులు నవ్వు పోశారేటి?"

అంతా చెప్పేశాను. బిళ్లని ఆవిడ చేతిలో పెట్టాను. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాజు పేరుందేటి?"

"లేదు. దేవుడి మాటే."

"మరేటి. నలభై ఏళ్లు తలకిందులుగా నిలబెడితే మీ తాతైతే ఊరుకునేవోడా? దేవుడు గాబట్టి ఊరుకున్నాడు."

బిళ్లని తిప్పి నిలబెట్టింది. పక్కింటి వీరలక్ష్మి దగ్గర చెంచాడు నూనె తెచ్చి దీపం వెలిగించాను. బిళ్లకి బొట్టు పెట్టబోతే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అచ్చరాల మీద కాదే, పక్కన పెట్టు. ఇంకోటి, ఇకమీదట చింతపండు పులుసులోకే."