పదకొండేళ్ల సాయం

చేపల పులుసు కింద మంట తగ్గించి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వెంకటదుర్గ ఇండోర్ వ్యాపారితో తనకొచ్చిన హిందీలో బేరమాడుతోంది. పాలకొల్లులో వాళ్ల కొబ్బరికాయల వ్యాపారం మామగారు భీమరాజు పేరున ఉంది. ఏ లోడు ఎటు పంపాలో, ఏ లారీ మాట్లాడాలో చూసేది మాత్రం ఆమే. పెళ్లయిన ఏడాది నుంచీ, పదకొండేళ్లుగా అంతే. జీతం లేదు, కుర్చీ లేదు. వంటగదే ఆఫీసు.

బేరం తెగేసరికి భర్త హరిబాబు భోజనానికి కూర్చున్నాడు. వారంగా ఆమె అడగాలనుకుంటున్న మాట ఒకటుంది. రాజమండ్రిలో ఎంబీఏ. మామూలుదైతే రెండేళ్లు రోజూ వెళ్లాలి. బడికెళ్లే కూతురితో కుదరదు. ఉద్యోగస్తుల కోసం పెట్టిన ఎగ్జిక్యూటివ్ ఎంబీఏకి శని, ఆదివారాలు చాలు. కాకపోతే ఉద్యోగానుభవం ఉన్నట్టు కాగితం చూపించాలి.

"ఏవండీ, నేను మన ఆఫీసులో పనిచేసినట్టు ఒక లెటర్ రాసిస్తారా?"

హరిబాబు నవ్వాడు. "నువ్వు పనిచెయ్యడమేంటి? ఇంట్లో మనిషివి, ఏదో సాయం చేశావు. కోడలి చేత ఉద్యోగం చేయించామని రాసిస్తే నాన్నగారు తలెత్తుకోగలరా? పులుసెయ్యి."

వేసింది. మళ్లీ అడగలేదు. కోపమనుకుంది గానీ, అది భయం. మామగారు ఏనాడూ అరవలేదు. ఆయన మాట్లాడటం మానేస్తారు, అంతే. ఆ వెంటనే ఇల్లంతా మానేస్తుంది. ఒకసారి పుట్టింట్లో రెండు రోజులు ఎక్కువున్నందుకు నెలంతా అత్తగారు ఆమె కంచం బల్లమీద పెట్టి, మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. దానికన్నా లోపల ఇంకో భయం ఉంది. వీళ్లన్నదే నిజమైతే? ఇన్నేళ్లూ తను చేసింది అసలు పనే కాకపోతే? పెద్ద పెద్ద ఉద్యోగుల మధ్య కూర్చుంటే, మీరేం చేస్తుంటారని అడిగితే, నోరు పెగులుతుందా?

మర్నాడు కాలేజీకి ఫోన్ చేసింది. వ్యాపారంలో ఆమెతో వ్యవహరించినవాళ్లు రాసిచ్చినా పరిశీలిస్తామన్నారు. లారీ ఆఫీసు జ్ఞానప్రకాశం గారిని అడిగింది.

"ఎందుకివ్వనమ్మా! ఇన్నేళ్లూ నా దగ్గర కిరాయి తెగ్గొట్టింది నువ్వేగా," అని నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడాయన. "కానీ రేపు భీమరాజు గారడిగితే నేను అబద్ధం చెప్పలేను తల్లీ."

"చెప్పొద్దండి. ఉన్నదే చెప్పండి," అంది వెంకటదుర్గ.

ఆయన రాసిచ్చిన కాగితం కాలేజీకి చేరిన రెండో రోజు సాయంత్రం, ఆ సంగతి చెవినపడి భీమరాజు వరండాలోంచి పిలిచారు. పక్కన హరిబాబు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అత్తగారు తలుపు చాటున ఆగింది.

"ఉద్యోగం చేశానని రాయించుకున్నావంటగా. ఎవరి దగ్గర చేశావమ్మా?"

వెంకటదుర్గ గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది.

"మీ దగ్గరేనండి, మావయ్యగారూ."